సొంతంగా కూర్చిన కంప్యూటరులో హార్డువేరు లోపాల నిర్ధారణ

విడిభాగాలను వేరువేరుగా కొని కూర్చుకొన్న కంప్యూటరు పనిచేయనప్పుడు, లోపం ఏ భాగంలో ఉన్నదో క్రమపద్ధతిలో కనుగొనడాన్ని హార్డువేరు లోపాల నిర్ధారణ అంటారు. ఇటువంటి కంప్యూటరును మన దేశంలో వాడుకగా "అసెంబుల్డు కంప్యూటరు" అని పిలుస్తారు. కొత్తగా కూర్చిన యంత్రంలో కనిపించే ఇబ్బందులలో చాలా భాగం, పాడైపోయిన భాగాల వలన కాక, సరిగా కూర్చోని కనెక్షన్ల వలన, ఒకదానితో ఒకటి సరిపోలని భాగాల వలన వస్తాయి. కనుక నిర్ధారణ లేకుండా భాగాలను మార్చడం వృథా ఖర్చు అవుతుంది. అనుమానించవలసిన భాగాల సంఖ్యను ఒక్కొక్క పరీక్షతో తగ్గించుకుంటూ పోవడమే ఈ పద్ధతిలోని ముఖ్య సూత్రం.

వాడుకలో కంప్యూటరు పెట్టె మొత్తాన్ని "సి.పి.యు." అనడం కద్దు. నిజానికి సి.పి.యు. అంటే ప్రాసెసరు మాత్రమే. ఈ వ్యాసంలో పెట్టెను క్యాబినెట్ అని, అందులోని ప్రధాన ఫలకాన్ని మదర్‌బోర్డు అని, గోడలోని విద్యుత్తును కంప్యూటరుకు తగినట్లు మార్చి ఇచ్చే భాగాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అని పేర్కొనడం జరిగింది.

నేపథ్యం

1975లో అమెరికాలో వెలువడిన ఆల్టెయిర్ 8800 కంప్యూటరును విడిభాగాలుగా కూడా అమ్మేవారు. అలా కొన్నవారు ప్రతి భాగాన్ని టంకంతో అతికించుకోవలసి వచ్చేది. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో ఇతర సంస్థలు తయారుచేసిన కార్డులను కూడా గుచ్చుకొనే వీలు ఉండేది. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. దీనితో మదర్‌బోర్డు కొలతలు, మరల రంధ్రాల స్థానాలు, విద్యుత్ కనెక్టరు రూపం ఒకే తీరుకు వచ్చాయి. ఒక సంస్థ క్యాబినెట్‌లో మరొక సంస్థ మదర్‌బోర్డు, వేరొక సంస్థ ఎస్.ఎం.పి.ఎస్. అమరడానికి ఈ ప్రమాణమే ఆధారం.

భారతదేశంలో విడిభాగాల విక్రయానికి సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నైలోని రిచీ వీధి, బెంగుళూరులోని ఎస్.పి. రోడ్డు, ముంబైలోని లామింగ్టన్ రోడ్డు, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ ప్రసిద్ధమైనవి. చెనాయ్ ట్రేడ్ సెంటరును సి.టి.సి. అని కూడా అంటారు.

ఒకే సంస్థ తయారుచేసిన కంప్యూటరుకు ఆ సంస్థయే మొత్తం బాధ్యత వహిస్తుంది. అసెంబుల్డు కంప్యూటరులో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క వారంటీ ఉంటుంది. లోపం ఏ భాగానిదో తేల్చవలసిన బాధ్యత కొన్నవారి మీద పడుతుంది. అది తేలక మదర్‌బోర్డు మార్చిన తరువాత, అసలు లోపం ర్యాములో ఉన్నదని బయటపడే సందర్భాలు ఉంటాయి. లోపాల నిర్ధారణ తెలిసి ఉండవలసిన అవసరం ఇందువల్లనే కలుగుతున్నది.

కంప్యూటరు మేలుకొనే క్రమం

స్విచ్చి నొక్కినప్పటి నుండి తెరపై అక్షరాలు కనబడే వరకు కొన్ని దశలు వరుసగా జరుగుతాయి. ఈ వరుస తెలిస్తే లోపాన్ని వెదకడం సులభం.

1. గోడ స్విచ్చి, ఎస్.ఎం.పి.ఎస్. వెనుక ఉన్న స్విచ్చి వేయగానే 5 వోల్టుల నిరీక్షణ విద్యుత్తు మదర్‌బోర్డుకు అందుతుంది. కంప్యూటరు ఆపివేసి ఉన్నా ఈ విద్యుత్తు ఉంటుంది. అనేక మదర్‌బోర్డులపై చిన్న దీపం వెలగడానికి ఇదే కారణం.
2. క్యాబినెట్ ముందున్న మీట నొక్కితే మదర్‌బోర్డు ఎస్.ఎం.పి.ఎస్.కు సంకేతం పంపుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల సరఫరా మొదలవుతుంది.
3. వోల్టేజీలు నిలకడ చెందాక ఎస్.ఎం.పి.ఎస్. "విద్యుత్తు సరిగా ఉన్నది" అని తిరిగి సంకేతం ఇస్తుంది. ఇది రానిదే ప్రాసెసరు పని మొదలుపెట్టదు.
4. ప్రాసెసరు మదర్‌బోర్డుపై ఉన్న చిప్ నుండి బయాస్ ప్రోగ్రామును చదవడం ప్రారంభిస్తుంది. నేటి మదర్‌బోర్డులలో బయాస్ స్థానాన్ని యు.ఇ.ఎఫ్.ఐ. ఆక్రమించినా, వాడుకలో పాత పేరే నిలిచి ఉంది.
5. బయాస్ ర్యామును గుర్తించి, పరీక్షించి, దాని వేగాన్ని నిర్ణయిస్తుంది.
6. గ్రాఫిక్స్ భాగం మేలుకొంటుంది. ఇక్కడి నుండి మాత్రమే తెరపై ఏదైనా కనబడుతుంది.
7. కీబోర్డు, డిస్కులు మొదలైనవి గుర్తించబడతాయి.
8. డిస్కు నుండి ఆపరేటింగ్ సిస్టము లోడవుతుంది.

నాలుగవ దశ నుండి ఏడవ దశ వరకు జరిగే స్వయం పరీక్షను "పోస్ట్" అంటారు. కంప్యూటరు ఏ దశలో ఆగిందో తెలిస్తే, ముందుగా ఆ దశకు చెందిన భాగాన్ని అనుమానించాలి. తరువాతి దశల భాగాలను అప్పుడే అనుమానించవలసిన పని లేదు. ఉదాహరణకు, తెరపై బయాస్ పేజీ కనబడి, విండోస్ రాకపోతే ఎస్.ఎం.పి.ఎస్., ప్రాసెసరు, ర్యాము, గ్రాఫిక్స్ కనీసం ప్రాథమికంగా పనిచేస్తున్నట్లే. అప్పుడు వెదకవలసినది డిస్కు వైపు.

ముందు జాగ్రత్తలు

విద్యుత్ ప్రమాదం: భాగాలను తాకే ముందు గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, క్యాబినెట్ మీటను కొన్ని క్షణాలు నొక్కి ఉంచాలి. దీనివలన మదర్‌బోర్డులో మిగిలి ఉన్న విద్యుత్తు చాలా వరకు ఖర్చవుతుంది. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ విప్పరాదు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చినప్పుడు దాని శిఖర విలువ సుమారు 325 వోల్టులు అవుతుంది. లోపలి పెద్ద కెపాసిటరులో ఇంత వోల్టేజీ, కొన్ని రకాలలో ఇంకా ఎక్కువ, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. అది ప్రాణాంతకం.

స్థిర విద్యుత్తు: పొడి వాతావరణంలో, ముఖ్యంగా సింథటిక్ దుస్తులు ధరించినప్పుడు, మనిషి శరీరంపై వేల వోల్టుల స్థిర విద్యుత్తు చేరవచ్చు. మనకు తెలియనంత చిన్న విడుదల కూడా చిప్పులను పాడుచేయగలదు. భాగాలను ముట్టుకొనే ముందు ఎర్తుకు కలిపి ఉన్న లోహాన్ని తాకడం, ర్యామును, కార్డులను అంచులతో పట్టుకోవడం మంచి అలవాట్లు.

సమాచార భద్రత: పాత డిస్కును కొత్త కంప్యూటరులో అమర్చినప్పుడు, లోపం డిస్కులో ఉన్నదనే అనుమానం ఏమాత్రం కలిగినా, ముందుగా అందులోని సమాచారాన్ని మరొకచోటికి నకలు తీసుకోవాలి. భాగాలను మళ్ళీ కొనవచ్చు గాని పోయిన ఫోటోలను, వ్రాసుకొన్న పరిశోధనా పత్రాన్ని కొనలేము.

మూల సూత్రాలు

ఒకసారి ఒకే మార్పు: ఒకేసారి ర్యామును, కేబులును, బయాస్ అమరికలను మారిస్తే, లోపం తొలగినా దేనివలన తొలగిందో తెలియదు. చేసిన ప్రతి మార్పును, దాని ఫలితాన్ని కాగితంపై వ్రాసుకోవడం మేలు.

కనీస కూర్పు: ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యాము, ఎస్.ఎం.పి.ఎస్., మదర్‌బోర్డు ఉంచి మిగిలినవన్నీ తొలగించాలి. ప్రాసెసరులో గ్రాఫిక్స్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంచాలి. ఈ కూర్పుతో తెర వెలిగితే, తొలగించిన భాగాలను ఒక్కొక్కటిగా చేర్చుతూ పోవాలి. దేనిని చేర్చినప్పుడు మళ్ళీ ఆగిపోతుందో, లోపం దానిలోగాని, దాని కనెక్షనులోగాని ఉన్నట్లు.

క్యాబినెట్ వెలుపల పరీక్ష: కనీస కూర్పుతోనూ పనిచేయకపోతే మదర్‌బోర్డును బయటకు తీసి, అది వచ్చిన అట్టపెట్టెపై ఉంచి పరీక్షించాలి. స్థిర విద్యుత్తు నుండి రక్షించే మెరిసే సంచిపై పెట్టరాదు. ఆ సంచి ఉపరితలం గుండా విద్యుత్తు ప్రవహించే అవకాశం ఉంది. బయట పనిచేసి, లోపల పనిచేయకపోతే, మదర్‌బోర్డు అడుగున ఉండే ఇత్తడి స్టాండాఫ్‌లలో ఒకటి రంధ్రం లేనిచోట ఉండి షార్టు అవుతున్నదేమో చూడాలి. రాలిపడిన మర కూడా ఇదే ఫలితాన్ని ఇస్తుంది.

మంచి భాగంతో మార్చి చూడడం: బాగా పనిచేస్తున్నదని తెలిసిన భాగాన్ని మిత్రుని కంప్యూటరు నుండి గాని, దుకాణం నుండి గాని తెచ్చి పెట్టి చూడడం ఖచ్చితమైన పద్ధతి. అయితే ఎస్.ఎం.పి.ఎస్. అనుమానాస్పదంగా ఉన్నప్పుడు ఇతరుల భాగాలను దానికి కలపరాదు. ముందుగా ఎస్.ఎం.పి.ఎస్.నే మార్చి చూడాలి.

విద్యుత్తు అసలే రాకపోవడం

మీట నొక్కినా ఫ్యాను కదలక, దీపం వెలగకపోతే ఈ క్రమంలో చూడాలి.

* గోడ సాకెట్టులో మరొక పరికరం పనిచేస్తున్నదా, ఎస్.ఎం.పి.ఎస్. వెనుక స్విచ్చి వేసి ఉన్నదా అని చూడాలి.
* కొన్ని పాత ఎస్.ఎం.పి.ఎస్.లపై 115, 230 అంకెలతో ఎర్రని చిన్న మీట ఉండేది. మన దేశంలో అది 230 వద్దనే ఉండాలి. 115 వద్ద ఉంచి విద్యుత్తు ఇస్తే ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోతుంది.
* మదర్‌బోర్డుకు రెండు విద్యుత్ కనెక్టర్లు ఉంటాయి. ఒకటి 24 పిన్నులది. రెండవది ప్రాసెసరు పక్కన 4 గాని, 8 గాని పిన్నులు గలది. రెండవదానిని పెట్టడం మరచిపోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. అప్పుడు ఫ్యానులు తిరిగినా ప్రాసెసరు మేలుకోదు.
* ప్రాసెసరుకు, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 8 పిన్నుల కనెక్టర్లు చూడడానికి ఒకేలా ఉన్నా వేరువేరు. ఒకదాని ధన పిన్నుల వరుసలో రెండవదానికి ఋణ పిన్నులు ఉంటాయి. బలవంతంగా గుచ్చరాదు.
* క్యాబినెట్ మీట నుండి వచ్చే సన్నని తీగలు సరైన పిన్నులకు తగిలించారా అని మదర్‌బోర్డు పుస్తకంతో సరిచూడాలి. సందేహముంటే ఆ తీగలు తీసివేసి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవరు కొనతో క్షణకాలం కలపవచ్చు. కంప్యూటరు మొదలైతే లోపం మీటలో ఉన్నట్లు.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడు ఎస్.ఎం.పి.ఎస్.ను విడిగా పరీక్షించవచ్చు. దానిని మదర్‌బోర్డు నుండి పూర్తిగా వేరుచేసి, ప్లగ్గు తీసి ఉన్నప్పుడే 24 పిన్నుల కనెక్టరులో 16వ పిన్నును, పక్కనున్న 17వ పిన్నును తీగతో కలిపి, తరువాత విద్యుత్తు ఇస్తే ఫ్యాను తిరగాలి. రంగు తీగలు గల ఎస్.ఎం.పి.ఎస్.లో ఇవి ఆకుపచ్చ, నలుపు తీగలు. అన్ని తీగలూ నల్లగా ఉండేవాటిలో రంగును కాక పిన్ను సంఖ్యనే నమ్మాలి. కొన్ని రకాలలో వేడి లేనప్పుడు ఫ్యాను తిరగదు కనుక మల్టీమీటరుతో కొలవడం మేలు. అనుమతించిన హద్దులు ఇవి.

* 12 వోల్టుల తీగ: 11.4 నుండి 12.6 వరకు
* 5 వోల్టుల తీగ: 4.75 నుండి 5.25 వరకు
* 3.3 వోల్టుల తీగ: 3.14 నుండి 3.47 వరకు

ఈ పరీక్షలో విఫలమైనది పాడైనట్లే. కాని నెగ్గినంత మాత్రాన బాగున్నదని చెప్పలేము. బరువు పడినప్పుడు వోల్టేజీ పడిపోయే ఎస్.ఎం.పి.ఎస్.లు ఉంటాయి.

కేబుళ్ళు విడదీయగల ఎస్.ఎం.పి.ఎస్. వాడేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. కేబులుకు మదర్‌బోర్డు వైపు కొన ప్రమాణబద్ధమైనది గాని, ఎస్.ఎం.పి.ఎస్. వైపు కొనకు ప్రమాణం లేదు. ఒక సంస్థ కేబులును మరొక సంస్థ ఎస్.ఎం.పి.ఎస్.కు తగిలిస్తే, డిస్కుకు 5 వోల్టులు వెళ్ళవలసిన చోట 12 వోల్టులు వెళ్ళి అది క్షణంలో కాలిపోవచ్చు.

ఫ్యానులు తిరిగినా తెర వెలగకపోవడం

కొత్తగా కూర్చినవారిని ఎక్కువగా కలవరపెట్టేది ఈ లక్షణమే. మానిటరుకు విద్యుత్తు ఉన్నదా, కేబులు ఏ పోర్టుకు తగిలించారో మానిటరులో అదే ఎంచుకొన్నారా అన్నవి ముందు చూడాలి.

తరువాత కేబులు ఎక్కడ తగిలించారో చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబులును కార్డుకే తగిలించాలి. 2019 నుండి ఇంటెల్ సంస్థ పేరు చివర "ఎఫ్" అక్షరం గల ప్రాసెసర్లను అమ్ముతున్నది. వాటిలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. ఇటువంటి ప్రాసెసరు ఉన్నప్పుడు మదర్‌బోర్డు వెనుక ఉన్న హెచ్.డి.ఎం.ఐ. పోర్టు నుండి ఏ చిత్రమూ రాదు. ఏ భాగమూ చెడకపోయినా తెర నల్లగా ఉండే సందర్భాలలో ఇది ఒకటి.

ర్యాము: రెండు వైపులా కొక్కేలు "టక్" మని పడేవరకు నొక్కాలి. నాలుగు స్లాట్లు ఉండి రెండు ర్యాములే ఉంటే, చాలా మదర్‌బోర్డులలో ప్రాసెసరు నుండి లెక్కించి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలి. ఒక్కొక్క ర్యామును విడిగా, ఒక్కొక్క స్లాటులో పరీక్షిస్తే లోపం ర్యాముదో స్లాటుదో తేలుతుంది. పాత ర్యాము కొనలను మెత్తని పెన్సిలు రబ్బరుతో తుడవడం మన మెకానిక్కుల పద్ధతి. అలా చేసినప్పుడు రబ్బరు పొడి స్లాటులో పడకుండా పూర్తిగా తుడిచివేయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రం చేయడం ఇంకా మంచిది.

ఓపిక: డి.డి.ఆర్.5 ర్యాము గల కంప్యూటరు మొదటిసారి మొదలైనప్పుడు ర్యామును సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పాడైందని భావించి మాటిమాటికీ ఆపివేస్తే ఆ ప్రక్రియ మళ్ళీ మొదటికి వస్తుంది.

బయాస్ అమరికలు: బయాస్‌ను మొదటి స్థితికి తేవడానికి విద్యుత్తు తీసివేసి, మదర్‌బోర్డుపై నాణెం వలె ఉండే సి.ఆర్. 2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు తొలగించి మళ్ళీ పెట్టాలి. ఈ 3 వోల్టుల బ్యాటరీ అయిపోతే తేదీ, సమయం ప్రతిసారీ వెనక్కు పోతుంటాయి.

ప్రాసెసరు సాకెట్టు: ఇంటెల్ 2004లో ఎల్.జి.ఎ. 775 సాకెట్టుతో పిన్నులను తన డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుండి మదర్‌బోర్డు మీదికి మార్చింది. ఏ.ఎం.డి. సంస్థ 2022లో ఏ.ఎం.5 సాకెట్టుతో అదే పద్ధతిని డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు అనుసరించింది. ఈ పిన్నులు చాలా సున్నితమైనవి. ఒక్క పిన్ను వంగినా ఒక ర్యాము స్లాటు పనిచేయకపోవడం వంటి వింత లక్షణాలు కనబడతాయి. వంగిన పిన్నులకు సాధారణంగా వారంటీ వర్తించదు. కనుక మదర్‌బోర్డు కొనేటప్పుడే సాకెట్టును వెలుతురులో పరిశీలించడం మంచిది.

బీప్ సంకేతాలు, సూచక దీపాలు

పోస్ట్ పరీక్ష విఫలమైనప్పుడు తెర ఇంకా మేలుకొని ఉండదు కనుక, కంప్యూటరు శబ్దాల ద్వారా లోపాన్ని తెలియజేస్తుంది. వీటిని బీప్ సంకేతాలు అంటారు. ఇవి బయాస్ తయారీదారును బట్టి మారతాయి.

* అవార్డ్ బయాస్: ఒక పొడవు, రెండు పొట్టి శబ్దాలు వస్తే గ్రాఫిక్స్ లోపం. పొడవు శబ్దం ఆగి ఆగి వస్తూ ఉంటే ర్యాము లోపం.
* ఏ.ఎం.ఐ. బయాస్: మూడు పొట్టి శబ్దాలు ర్యామును, ఐదు ప్రాసెసరును, ఎనిమిది గ్రాఫిక్స్ భాగాన్ని సూచిస్తాయి.

ఈ శబ్దాలు వినాలంటే మదర్‌బోర్డుకు చిన్న స్పీకరు ఉండాలి. చాలా కొత్త క్యాబినెట్లలో అది రాదు. దుకాణాలలో తక్కువ ధరకు దొరుకుతుంది. దానికి బదులుగా అనేక నేటి మదర్‌బోర్డులలో ప్రాసెసరు, ర్యాము, గ్రాఫిక్స్, బూట్ అనే నాలుగు సూచక దీపాలు ఉంటాయి. ఏ దీపం వద్ద ఆగిపోయిందో ఆ దశలో లోపం ఉన్నట్లు. ర్యాము దీపం వెలిగినంత మాత్రాన ర్యాము పాడైందని కాదు. ప్రాసెసరు సరిగా కూర్చోకపోయినా అదే దీపం వెలగవచ్చు.

కొంతసేపు పనిచేసి ఆగిపోవడం

ఈ రకపు లోపాలకు వేడి, విద్యుత్తు, ర్యాము ముఖ్య కారణాలు.

వేడి: ప్రాసెసరు ఉష్ణోగ్రతను బయాస్‌లో చూడవచ్చు. చాలా ప్రాసెసర్లు 95 నుండి 100 డిగ్రీల సెల్సియస్ చేరగానే తమ వేగాన్ని తగ్గించుకొంటాయి. అప్పటికీ తగ్గకపోతే కంప్యూటరు ఆగిపోతుంది. మొదలైన నిమిషంలోనే ఈ స్థితికి వస్తే హీట్‌సింకు సరిగా అంటుకోలేదని అర్థం. హీట్‌సింకు అడుగున అతికించి ఉండే ప్లాస్టిక్ పొరను తీయకుండా బిగించడం, ఉష్ణవాహక పేస్టు మరచిపోవడం, నాలుగు కొక్కేలలో ఒకటి లేచిపోయి ఉండడం సాధారణంగా జరిగే పొరపాట్లు. పాత యంత్రాలలో దుమ్ము ముఖ్య కారణం.

విద్యుత్తు: ఆటలు ఆడేటప్పుడు మాత్రమే కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోతే ఎస్.ఎం.పి.ఎస్. సామర్థ్యం చాలడం లేదేమో చూడాలి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయరు తెరిస్తే "కెర్నెల్ పవర్ 41" అనే నమోదు కనబడుతుంది. దీనిని చూసి ఎస్.ఎం.పి.ఎస్. పాడైందని నిర్ణయించడం పొరపాటు. కంప్యూటరు సక్రమంగా మూయబడకుండానే ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం.

ర్యాము: మెమ్‌టెస్ట్ 86, మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అనే ప్రోగ్రాములు పెన్ డ్రైవు నుండి నేరుగా మొదలై ర్యామును పరీక్షిస్తాయి. కొన్ని గంటలు నడిపినప్పుడు ఒక్క తప్పు వచ్చినా ఉపేక్షించరాదు. ఎక్స్.ఎం.పి., ఎక్స్‌పో అనే అమరికలు ర్యామును సాధారణ ప్రమాణాన్ని మించిన వేగంతో నడుపుతాయి. వాటిని తీసివేసి మళ్ళీ పరీక్షించినప్పుడు తప్పులు రాకపోతే, ర్యాము పాడవలేదని, ఆ వేగాన్ని ఈ కూర్పు భరించలేకపోతున్నదని గ్రహించాలి.

డిస్కు కనబడకపోవడం

సాటా డిస్కుకు రెండు కేబుళ్ళు ఉండాలి. ఒకటి విద్యుత్తుకు, మరొకటి సమాచారానికి. సమాచార కేబులు వదులుగా ఉండడం మామూలే. ఎం.2 రకపు డిస్కులలో సాటా, ఎన్.వి.ఎం.ఇ. అని రెండు జాతులున్నాయి. ఒకే రూపంలో ఉన్నా అన్ని స్లాట్లలో రెండూ పనిచేయవు. కొన్ని మదర్‌బోర్డులలో ఒక ఎం.2 స్లాటు వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. అంతవరకు పనిచేసిన పాత డిస్కు, కొత్తది పెట్టగానే మాయమైతే కారణం ఇది కావచ్చు. పోర్టు మారిస్తే సరిపోతుంది.

తిరిగే హార్డు డిస్కు నుండి "టక్ టక్" మనే శబ్దం లయబద్ధంగా వస్తుంటే అది యాంత్రిక లోపం. విలువైన సమాచారం ఉంటే వెంటనే ఆపివేసి నిపుణులకు చూపాలి. మాటిమాటికీ ప్రయత్నిస్తే మిగిలినది కూడా పోతుంది.

సరిపోలని భాగాలు

సాకెట్టు సరిపోయినంత మాత్రాన ప్రాసెసరు పనిచేయదు. బయాస్ దానిని గుర్తించగలగాలి. 2018 నాటి బి450 మదర్‌బోర్డులు 2019 జులైలో వచ్చిన రైజెన్ 3000 ప్రాసెసర్లకు సరిపోయే సాకెట్టునే కలిగి ఉన్నా, పాత బయాస్‌తో ఉన్నవి వాటిని గుర్తించలేకపోయాయి. బయాస్‌ను నవీకరించగానే పనిచేశాయి. ప్రాసెసరు లేకుండానే పెన్ డ్రైవుతో బయాస్ నవీకరించే మీట కొన్ని మదర్‌బోర్డులలో ఉంటుంది. నవీకరణ జరిగేటప్పుడు విద్యుత్తు పోతే మదర్‌బోర్డు మొదలుకాకుండా పోయే ప్రమాదం ఉంది కనుక యు.పి.ఎస్. ఉండడం అవసరం.

క్యాబినెట్ తాకితే షాకు కొట్టడం

ఇది మన దేశంలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు. ఎస్.ఎం.పి.ఎస్. లోపల ఫేజు నుండి, న్యూట్రల్ నుండి ఎర్తుకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. విద్యుత్ అలజడిని తొలగించడం వాటి పని. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే ఈ రెండింటి మధ్య చిక్కుకున్న క్యాబినెట్‌కు 230 వోల్టులలో సుమారు సగం, అనగా 115 వోల్టులు చేరుతాయి. ప్రవాహం చాలా స్వల్పం కనుక జివ్వుమని మాత్రమే అనిపిస్తుంది. టెస్టరు పెడితే వెలుగుతుంది. ఇటువంటప్పుడు ఎస్.ఎం.పి.ఎస్. మార్చినా షాకు పోదు. లోపం ఇంటి ఎర్తింగ్‌లో ఉంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులుగా మార్చే అడాప్టరు వాడినా ఇదే జరుగుతుంది. తాకగానే గట్టిగా కొడితే మాత్రం ఎస్.ఎం.పి.ఎస్.లో ఫేజు నేరుగా క్యాబినెట్‌కు తగులుతూ ఉండవచ్చు. వెంటనే మెయిన్ స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయాలి.

కొందరు సాకెట్టులోనే న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు కలిపి షాకు పోయిందని సంతృప్తి పడతారు. ఇది అత్యంత ప్రమాదకరం. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగితే, క్యాబినెట్‌కు పూర్తి 230 వోల్టులు వస్తాయి. అప్పుడు ప్రవాహానికి పరిమితి ఉండదు. అర్హతగల ఎలక్ట్రీషియను చేత సరైన ఎర్తింగ్ వేయించడమే పరిష్కారం.

కొన్ని ప్రసిద్ధ ఉదంతాలు

లోపం ఎల్లప్పుడూ కూర్చినవారిదే కానక్కరలేదు.

* 2000వ దశకం తొలి సంవత్సరాలలో నాసిరకం ఎలెక్ట్రోలైట్ గల కెపాసిటర్ల వలన అనేక సంస్థల మదర్‌బోర్డులు అకాలంగా పాడయ్యాయి. కెపాసిటరు పైభాగం ఉబ్బడం, గోధుమ రంగు ద్రవం కారడం దీని గుర్తులు.
* 2022లో విడుదలైన ఆర్.టి.ఎక్స్. 4090 గ్రాఫిక్స్ కార్డులలో కొన్నింటి విద్యుత్ కనెక్టర్లు కరిగిపోయాయి. కనెక్టరు పూర్తిగా లోపలికి దిగకపోవడం ముఖ్య కారణమని ఎన్‌విడియా సంస్థ అదే సంవత్సరం తెలిపింది. 2023లో ఆ కనెక్టరు నమూనాను సవరించారు.
* ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ వలన క్రమంగా దెబ్బతిన్నాయి. ఇంటెల్ 2024లో ఈ సంగతి ప్రకటించి, మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్లను ఈ సవరణలు బాగుచేయలేవు. ఈ ప్రాసెసర్లతో ఆటలు ఆడేటప్పుడు "వీడియో మెమరీ చాలదు" అనే సందేశం వచ్చేది. సందేశం గ్రాఫిక్స్ కార్డును వేలెత్తి చూపుతుండగా, లోపం ప్రాసెసరులో ఉండేది. తెరపై వచ్చే సందేశం లక్షణమే గాని నిర్ధారణ కాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

వారంటీ

లోపం ఉన్న భాగం తేలిన తరువాత బిల్లు, పెట్టె, భాగంపై ఉండే క్రమసంఖ్య సిద్ధం చేసుకోవాలి. ఏ పరీక్షలు చేశారో, మంచి భాగం పెట్టినప్పుడు ఫలితమేమిటో వ్రాసుకొన్న కాగితం ఉంటే సేవా కేంద్రంలో వాదనకు తావుండదు. ప్రాసెసరు సాకెట్టుపై వచ్చిన ప్లాస్టిక్ మూతను దాచి ఉంచాలి. అది లేకుండా పంపిన మదర్‌బోర్డులో పిన్నులు దారిలో వంగినా, తప్పు పంపినవారిదిగానే లెక్కకు రావచ్చు.

బాగుచేయ వీలుకాని భాగాలను చెత్తకుండీలో వేయరాదు. వీటిలో సీసం వంటి విష పదార్థాలు ఉండవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత ప్రభుత్వ ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేర్చవలసి ఉంటుంది.